సామ్రాజ్యం ఇంటి ఫిల్టరు

మురళీధర్ అమ్ముడుపోయాడని నేను ఆ రోజే తేల్చేసుకున్నాను.

మార్కాపురం బస్టాండులో తర్లుపాడు బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల ఫోనులోంచి నాకు బాగా తెలిసిన గొంతు వినిపించింది. తొంగి చూస్తే సామ్రాజ్యం! పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఉండే పల్లెలో కూలిపనికి వెళ్లే మనిషి. ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని, చేతిలో స్టీలు గ్లాసుతో నవ్వుతోంది. "ఈ నీళ్లు తాగినకాడి నుంచి మా దీవెనకి కడుపునొప్పి లేదు. కాళ్లు పీకుతాయని ఏడ్సడమూ లేదు" అంటోంది. దీవెన ఆమె మనవరాలు. వెనక బల్ల మీద తెల్లటి నీళ్ల ఫిల్టరు. కింద ఎర్రక్షరాలు: "కొనేముందు చానల్ పరీక్షలో నెగ్గిన నీలధార. కరెంటు అక్కర్లేదు, ఫ్లోరైడు ఉండదు."

ఆ ఫిల్టరును సామ్రాజ్యం ఇంట్లో పెట్టించింది నేనే. కొన్ని నెలలు వాడాక, దాని కుళాయి కింద సీసా పెట్టి నీళ్లు పట్టి ఒంగోలు ల్యాబుకు ఇచ్చిందీ నేనే. ఫ్లోరైడు దాదాపు లేదని ల్యాబు రాసిచ్చినప్పుడే నాకు మింగుడు పడలేదు. కరెంటు లేకుండా, లోపల ఒక్క తెల్ల గొట్టంతో, మా పడమటి ప్రకాశం బోరు నీళ్లలోంచి ఫ్లోరైడు పోతుందా? నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా? ఆ చానల్ నడిపే మురళీధర్ ఆ ఫలితాన్ని అంత హడావుడిగా వీడియో చేసి వదిలాడంటే మధ్యలో ఏదో జరిగే ఉండాలి.

నాకు అనుమానం కాస్త ఎక్కువ. కిలో కందిపప్పు తెచ్చుకుంటే ఇంట్లో మళ్లీ తూచుకుంటాను. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీద ఉందో లేదో చూసుకొమ్మని ఆటో డ్రైవర్లకు చెప్పి తిట్లు తిన్న సందర్భాలూ ఉన్నాయి. మా ఆయన బతికున్న రోజుల్లో "నిన్ను చూస్తే త్రాసుకు కూడా చెమటలు పడతాయే" అని ఏడిపించేవాడు. తర్లుపాడు హైస్కూల్లో హిందీ చెప్పుకునే నాకు, ఈ గుణం పనికొచ్చే చోటు ఒకటి దొరికింది. అది "కొనేముందు" పత్రిక.

వినియోగదారుల చట్టం వచ్చిన కొత్తలో, తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన చెంచయ్య గారు మార్కాపురంలో ఆ పత్రిక పెట్టారు. నెలకొక సంచిక. పలుచని కాగితం, వేళ్లకు అంటుకునే సిరా. అందులో ఒక్క ప్రకటన ఉండేది కాదు. అమ్మేవాడి దగ్గర టీ తాగినా మనం రాసే అక్షరం అటువైపు ఒరుగుతుందని ఆయన భయం. పరీక్షకు పెట్టే వస్తువును కంపెనీ దగ్గర ఊరికే తీసుకోకూడదు, దుకాణంలో మామూలు మనిషిలా కొనాలి. మార్కాపురంలో ఎవరి మొహం చూసినా ఎవరో చెప్పేస్తారు కనక మేము గిద్దలూరు వెళ్లి కొనేవాళ్లం, గిద్దలూరులోని మావాళ్లు కనిగిరి వెళ్లి కొనేవారు. తెచ్చిన మిక్సీనో కుక్కరునో కొన్ని ఇళ్లకు ఇచ్చి వాడమనేవాళ్లం. గడువు తీరాక తప్పకుండా వెనక్కి తెచ్చుకునేవాళ్లం. ఉంచేసుకోమంటే అది బహుమతి అవుతుందనీ, బహుమతి పుచ్చుకున్న మనిషి మొహమాటానికి మంచే చెబుతుందనీ చెంచయ్య గారి వాదన. వెనక్కి వచ్చిన వస్తువులను చందాదారుల మీటింగులో వేలం వేసేవారు. ఆ ఇళ్లను వెతకడం, వస్తువు ఇవ్వడం, మళ్లీ తేవడం నా పని. సామ్రాజ్యం ఇల్లు మొదటి నుంచీ మా ఇళ్లలో ఒకటి.

ఆ రోజుల్లో పత్రికకు ఉన్న మర్యాద చెబితే ఇప్పటివాళ్లు నవ్వుతారు. "మన ఉప్పునీళ్లలో నురగొచ్చే సబ్బు ఏది?" అన్న సంచిక కోసం చాకిరేవు దగ్గర వంతులు వేసుకుని చదివారు. ఒక మోటార్ల కంపెనీ మనిషి స్వీటు ప్యాకెట్టుతో వస్తే చెంచయ్య గారు దాన్ని తిప్పి పంపి, ఆ సంగతి కూడా పత్రికలో వేశారు. బోరు వేయించేవాళ్లు మోటారు కొనేముందు మా ఇంటి తలుపు కొట్టి "అక్కా, మీ పుస్తకంలో ఏది బాగుందని వేసినారు?" అని అడిగి వెళ్లేవారు. అలా అడిగినప్పుడల్లా నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

తరవాత టీవీ వచ్చింది, ఆ తరవాత ఫోన్లు వచ్చాయి. వస్తువు బొమ్మ కింద ఎవరు పెట్టారో తెలియని చుక్కల రేటింగు చూసి కొనడం అలవాటైంది. చందాలు తగ్గిపోయాయి. చెంచయ్య గారు పోయాక ఆయన కొడుకు మురళీధర్ అచ్చు ఆపేసి అదే పేరుతో ఫోన్లో చానల్ పెట్టాడు. మొదట్లో తండ్రి పద్ధతులే పాటించాడు. క్రమంగా వీడియోకు ముందు ఒక ప్రకటన, మధ్యలో ఒక ప్రకటన. మొన్న కాఫీ హోటల్లో నీలం చొక్కా మనిషితో గుసగుసలాడుతూ కనబడ్డాడు. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు. బస్టాండులో సామ్రాజ్యం మొహం చూశాక ఆ నీలం చొక్కా ఎవరిదో నాకు ఇక చెప్పనక్కర్లేదు.

తర్లుపాడు బస్సు వదిలేసి తిన్నగా పలకల బజారుకు నడిచాను. అక్కడ మేడ మీది గది మురళీధర్ ఆఫీసు.

"రా అత్తా, కూర్చో. చూసినావా మన సామ్రాజ్యాన్ని? యాడ చూసినా ఆమె మొహమే," అన్నాడు.

"చూశా. ఎంతకు మాట్లాడుకున్నావు?"

"ఏంది?"

"ఆ కంపెనీతో. ఎంతకు?"

నవ్వబోయాడు. నేను నవ్వడం లేదని చూసి మొహం ఎర్రబరుచుకున్నాడు.

"నాయన మీద ఒట్టు అత్తా. ఆ ఫిల్టరు గిద్దలూరులో మన ఆఫీసు పిల్లోడు శ్రీను పోయి మామూలుగా కొన్నాడు. సీసాల్లో నీళ్లు పట్టింది ఎవురు? నువ్వు. మూతకు సీలేసింది ఎవురు? నువ్వు. ల్యాబుకు ఇచ్చిందీ నువ్వే. మధ్యలో నేను యాడుండా?"

నిజమే, అతను ఎక్కడా లేడు. అది నాకు మరింత అనుమానం కలిగించింది.

"నీలం చొక్కా ఎవరు మరి?"

"కంపెనీ మేనేజరు. వీడియో చూసినాక వచ్చినాడు. యాడ్ ఇస్తామన్నాడు."

"తీసుకున్నావా?"

మురళీధర్ కెమెరా స్టాండును ఆ మూల నుంచి ఈ మూలకు జరిపాడు.

"పరీక్ష అయిపోయినాక తీసుకుంటే తప్పేంది? గది బాడుగ, కరెంటు, ల్యాబు ఖర్చు యాడ నుంచి రావాల? నాయన కాలంలో చందాలొచ్చేవి. ఇప్పుడు ఎవురిస్తాండారు? నువ్వు గూడ ఊరికేనే గదా చూస్తాండావు!"

ఆ మాట చురుక్కుమంది. పత్రిక ఆగిపోయాక నేను ఎవరికీ చందా కట్టలేదన్నది అబద్ధం కాదు. కోపం దాచుకుని, ఆ ఫిల్టరు నీళ్లు మళ్లీ పరీక్షకు పంపుతానన్నాను.

"పంపుకో. గానీ తొందరగా పంపు. ఆ వాడ మొత్తం డ్వాక్రా సంఘం అప్పు మీద ఇవే ఫిల్టర్లు కొంటాండారు. ఆదివారం చర్చి అయినాక బండి పోతాది."

ఆ వాడలో పిల్లలున్న ఇళ్లవాళ్లు కూలి డబ్బుల్లోంచి మిగిల్చి, పిల్లల వరకైనా ఎర్రగొండపాలెం వైపు నుంచి వచ్చే ఆటోలో టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నారు. ఫిల్టరు వస్తే ఆ టిన్నులు మానేస్తారు. బోరు నీళ్లే అందులో పోసి, ఫ్లోరైడు పోయిందనుకుని పిల్లలకు తాగిస్తారు. ఆ నీళ్లు ఏం చేస్తాయో తెలియాలంటే ఆ వాడలో మగ్దలీనమ్మను చూస్తే చాలు. మోకాళ్లు వంగిపోయి, కూర్చున్న చోటి నుంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆమె అంత ముసలిది కూడా కాదు.

మర్నాడు చెప్పాపెట్టకుండా బయల్దేరాను. కబురు పెడితే సర్దుకుంటారు కదా. మురళీధర్ మీది అనుమానం అప్పటికి సామ్రాజ్యం మీదికి కూడా కొంచెం పాకింది. వీడియోలో అంత తీరుగా మాట్లాడడం ఎవరు నేర్పారు? ఆమె చేతిలో ఏమైనా పెట్టారా? పుల్లలచెరువులో బస్సు దిగి ఆటో ఎక్కినంతసేపూ ఇవే ఆలోచనలు.

వాడ మొదట్లో బోరు దగ్గర బిందెల వరస ఎండలో ఉంది. బిందెల అడుగున, అంచుల మీద తెల్లటి పొర. సామ్రాజ్యం ఇంటి తలుపు తీసే ఉంది. లోపల గోడకు యేసుప్రభువు క్యాలెండరు, దాని కింద బల్ల, బల్ల మీద ఫిల్టరు. ఫిల్టరు మీద అల్లిక గుడ్డ కప్పి, పక్కన ప్లాస్టిక్ పూలు పెట్టారు. సామ్రాజ్యం అటు తిరిగి నిలబడి, ఫిల్టరు మూత తీసి, నడుము మీద ఆనించుకున్న టిన్నులోంచి జాగ్రత్తగా అందులోకి నీళ్లు వంచుతోంది.

ఆటోలో అమ్మే నీళ్ల టిన్ను అది.

"ఏం పోస్తున్నావు సామ్రాజ్యం?"

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"అక్కా! ఎప్పుడొచ్చినావు? వందనాలు. కూసో, నీళ్లు తాగుదువు."

"ఆ టిన్నేంది?"

"టిన్ను నీళ్లక్కా. మిషన్లోకి."

"బోరు నీళ్లు పోయవా?"

నేను ఏదో కూడని మాట అన్నట్టు చూసింది. "అయ్యో, ఇంత తెల్లటి మిషన్లో బోరు నీళ్లు ఎట్ల పోస్తానక్కా? నెల తిరక్కుండా సున్నం మాదిరి పొర కడతాది. మల్ల మీకు తిరిగి ఇయ్యాల గదా. పోయినసారి ఇడ్లీ పాత్ర ఇచ్చినప్పుడు అడుగు మాడ్సినానని నాకెంత నామోషీ అయినాది! ఈసారి అట్ల గాకూడదని మొదటి దినం నుంచే టిన్ను నీళ్లే."

నేను గడప మీద కూలబడ్డాను.

"టిన్ను నీళ్లు ముందే శుభ్రం చేసినవి గదమ్మా. మళ్లీ ఈ మిషన్లో ఎందుకు?"

"వాడమని చెప్పి పోయినావు గదా. వాడకపోతే మాట తప్పినట్టు గాదా? మంచి నీళ్లు ఇంకా మంచిగయితాయనుకుంటి."

ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. వస్తువు తిరిగి ఇవ్వాలన్న మా పత్రిక నియమాన్ని ఈ మనిషి ఇంత శ్రద్ధగా పాటించింది. నేను సీసాలో పట్టుకెళ్లింది టిన్ను నీళ్లు. ల్యాబు చెప్పింది టిన్ను నీళ్ల సంగతి. దీవెన కడుపునొప్పి తగ్గిందన్నదీ నిజమే, ఎందుకంటే ఆ పిల్ల పుట్టాక ఇన్ని నెలలు వరసగా మంచి నీళ్లు తాగడం ఇదే మొదలు. ఆ టిన్నులు కొనడానికి సామ్రాజ్యం మిరప కోతలకు అదనంగా వెళ్లిందట, మిషను ఖాళీగా ఉంటే బాగుండదని. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటికొచ్చింది.

"ఏ నీళ్లు పోయాలో కూడా చెప్పాల్నా?"

"చెప్పలేదు గదక్కా," అంది సామ్రాజ్యం, తప్పు చేసిన పిల్లలా.

అప్పుడే దీవెన బడి నుంచి అన్నానికి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద, ఇన్నేళ్ల బోరు నీళ్ల గుర్తుగా, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు.

ఫిల్టరు ఖాళీ చేయించి, ఆ రోజే బోరు నీళ్లు పోయించాను. సామ్రాజ్యం చెయ్యి ఆడక సగం బిందె దగ్గరే ఆపేస్తే మిగతాది నేనే ఒంపాను. బోరు నీళ్లు ఒక సీసా, ఫిల్టరు కుళాయి నీళ్లు ఒక సీసా పట్టుకుని ఒంగోలు వెళ్లాను. రెండింటికీ వచ్చిన అంకె దాదాపు ఒకటే. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి కానీ ఫ్లోరైడు ఎక్కడిది అక్కడే ఉంది.

ఆ కాగితం మురళీధర్ ముందు పెట్టి అతని మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. దాచేద్దామంటాడని ఎదురుచూశాను. అంటే ఏమని తిట్టాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అతను చదివి, కాసేపు తల పట్టుకుని, లేచి కెమెరా ముందు కూర్చున్నాడు. "మేం చెప్పింది తప్పు. నీలధార ఫ్లోరైడు తియ్యదు. మా పరీక్షలో పొరపాటు జరిగినాది" అని సూటిగా చెప్పాడు. పాత వీడియో తీసేశాడు. కంపెనీకి ఫోను చేసి యాడ్ వద్దన్నాడు.

కానీ పాత వీడియో అప్పటికే ఫోన్లలోకి దిగి, ఒకరి నుంచి ఒకరికి పాకిపోయి ఉంది. పత్రిక రోజుల్లో తప్పు పడితే తరవాతి సంచిక మొదటి పేజీలో "మా తప్పు" అని వేసేవాళ్లం. తప్పు చదివిన మనిషి చేతికే ఆ దిద్దుబాటూ వెళ్లేది. ఇప్పుడు కొత్త వీడియో చూసినవాళ్లు గుప్పెడు మంది. వాళ్లు కింద రాసినవి మురళీధర్ నాకు చదివి వినిపించాడు. "కంపెనీవాళ్లు పైసలు ఆపేసినారా అన్నా?" అని ఒకడు. "పోటీ కంపెనీ ఎంతిచ్చినాది?" అని ఇంకొకడు. మొదటివాడు అడిగింది నాకు కూడా ఒక్క క్షణం తోచింది. తోచినందుకు సిగ్గుపడ్డాను.

"ఆదివారం నేనే వెళ్లి చెబుతా," అన్నాను.

"నమ్మరత్తా," అన్నాడు మురళీధర్.

ఆదివారం నేను చేరేసరికి ఆరాధన ముగింపుకు వచ్చింది. చర్చి బయట అట్టపెట్టెలు నింపుకున్న బండి అప్పుడే ఆగి ఉంది. పాస్టరు సత్యానందం గారికి ముందే ఫోను చేసి అడిగాను. ఆయన మంచి మనిషే, అయినా "ఎవరి తరఫున మాట్లాడతారమ్మా?" అని రెండుసార్లు అడిగి మరీ ఒప్పుకున్నారు. ఆశీర్వాదం అయ్యాక లేవబోతున్న జనాన్ని కూర్చోమని, నన్ను ముందుకు పిలిచారు.

చెప్పాను. ఫిల్టరు ఫ్లోరైడు తీయదని, మా పరీక్ష తప్పని, ల్యాబు కాగితం ఇదిగో అని. పిల్లలకు టిన్ను నీళ్లు మానిపించవద్దని బతిమాలాను. సామ్రాజ్యం ఏ నీళ్లు పోసిందో మాత్రం చెప్పలేదు. ఆమె వాడ మధ్యలో ఆమె పరువు తీయడానికి నాకు నోరు రాలేదు.

వెనక నుంచి ప్రవీణ్ కుమార్ లేచాడు. మార్కాపురంలో బైకుల షోరూములో పని చేస్తాడు, సామ్రాజ్యానికి వరసకు కొడుకు.

"మేడం, ఒక్క మాట. నెగ్గినాదని చెప్పింది మీరే. ఓడిపోయినాదని చెప్తాంది గూడ మీరే. అప్పుడు ఎవురిచ్చినారు, ఇప్పుడు ఎవురిస్తాండారు?"

"అప్పుడూ ఎవరూ ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వలేదు."

"ఎవురూ ఇయ్యకుండానే ఒంగోలు దాకా తిరుగుతాండారా? మేమేమన్నా ఎర్రోళ్లమా?"

ఆడవాళ్లు నవ్వారు. ఎవరైనా ఫలానా వస్తువు కొనమంటే వాళ్లకు డబ్బులెవరిస్తున్నారో ముందు అడగండని ఈ మండలాల్లో ఇల్లిల్లూ తిరిగి నేర్పింది మేమే. ఇతని తల్లికి కూడా నేనే చెప్పి ఉంటాను. ఇతను బాగా నేర్చుకున్నాడు.

ప్రవీణ్ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. పాత వీడియో. "ఈ నీళ్లు తాగినకాడి నుంచి మా దీవెనకి..." అంటూ సామ్రాజ్యం గొంతు చర్చిలో మోగింది. "ఇదిగో, మా పెద్దమ్మే చెప్తాంది. ఈ మేడం మాట నమ్మాల్నా, మా పెద్దమ్మ మాట నమ్మాల్నా?"

అందరూ సామ్రాజ్యం వైపు తిరిగారు. ఆమె తల మీది కొంగు సర్దుకుంటూ లేచింది.

"అయ్యగారూ, నేను సాక్ష్యం చెప్తా."

ఆ చర్చిలో జబ్బు నయమైనవాళ్లూ, బిడ్డ పుట్టినవాళ్లూ లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. పాస్టరు గారు తల ఊపారు.

"ఫోన్లో నేను చెప్పింది అబద్ధం గాదు. బిడ్డకు నొప్పి తగ్గింది నిజమే. గానీ తగ్గించింది ఆ మిషను గాదు. నేను దాంట్లో టిన్ను నీళ్లు పోసినా. అక్క వచ్చేదాకా బోరు నీళ్లు ఒక్క చెంబు గూడ పొయ్యలేదు, పాడైతాదని. అక్కకు తెల్దు, వీడియో తీసినాయనకూ తెల్దు. నాదే తెలివితక్కువ."

మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఒక మూల నుంచి ఆడగొంతు: "ఆ పొద్దు వీడియోకి ఎంతిచ్చినారో చెప్పలేదు. ఇప్పుడు ఇట్ల తిప్పి చెప్పేదానికి ఎంతిచ్చినారో!"

సామ్రాజ్యం మొహం పాలిపోయింది. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని పాటలు పాడినవాళ్లే ఆ మాట అన్నారు.

"గొడవెందుకు, ఇక్కడే చూద్దాం," అన్నాడు ప్రవీణ్. ఆమె ఇంటికి వెళ్లి ఫిల్టరు తెచ్చి చర్చి మెట్ల మీద పెట్టాడు. బోరు దగ్గరి నుంచి బిందెడు నీళ్లు తెప్పించి పోశాడు. జనం చుట్టూ మూగారు. కాసేపటికి కుళాయిలోంచి నీళ్లు పట్టి గ్లాసు ఎండకు ఎత్తి చూపించాడు. మచ్చ లేకుండా ఉన్నాయి. ఫ్లోరైడు కంటికి కనబడదని నేను అరుస్తూనే ఉన్నాను, ఎవరూ వినలేదు.

"దా పాపా," అని దీవెనను పిలిచాడు. "తాగి అందరికీ చెప్పు, ఎట్లుండాయో."

పిల్ల సంతోషంగా గ్లాసు అందుకుని నోటి దగ్గరికి తీసుకెళ్లింది. సామ్రాజ్యం ఒక్క అంగలో వచ్చి గ్లాసును చేత్తో కొట్టింది. గ్లాసు మెట్ల మీద దొర్లింది. నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి.

ఆ వాడలో కాళ్లు కడిగిన నీళ్లు కూడా వంగ మొక్కల్లోకి పోతాయి. నిండు గ్లాసు నేలపాలు చేసిన మనిషిని వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. దీవెన బిక్కమొహం వేసింది.

"డబ్బులు తీసుకున్నాననే అనుకోండి," అంది సామ్రాజ్యం. "దొంగముండ అనుకోండి. నా బిడ్డకు మాత్రం ఆ నీళ్లు పొయ్యను."

గోడకు ఆనుకుని కూర్చున్న మగ్దలీనమ్మ బండి డ్రైవరును చెయ్యి ఊపి పిలిచింది. "నా పేరు కొట్టెయ్ నాయనా. నా మోకాళ్లు ఎట్లాగూ పోయినాయి. మనవళ్లవన్నా ఉండనీ."

ఇంకొకామె నా వైపు చూడకుండా సామ్రాజ్యం వైపే చూస్తూ "మాది గూడ వద్దు" అంది. మరో ఇద్దరు ముగ్గురు వద్దన్నారు. మిగతావాళ్లు తమ పెట్టెలు దించుకున్నారు. ప్రవీణ్ తన పెట్టెను భుజాన వేసుకుని మా ఇద్దరి ముందు నుంచే వెళ్లాడు. అతని ఇంట్లో ఈమధ్యే తల్లిపాలు మానిన పిల్లవాడు ఉన్నాడని నాకు తెలుసు.

సామ్రాజ్యం దీవెన చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా నాతో వచ్చింది. ఆటో కోసం నిలబడ్డాం. దారిలో ఎదురైన ఆడవాళ్లు ఆమెను పలకరించకుండా పోయారు. ఆటో దూరాన దుమ్ము లేపుకుంటూ వస్తుండగా ఆమె నోరు విప్పింది.

"అక్కా, ఒకటి అడుగుతా. కోపం చేసుకోవద్దు."

"అడుగు."

"నీకు నిజంగా ఎవురూ ఏమీ ఇయ్యలేదు గదా?"

నా ఒళ్లు మండింది. నువ్వు కూడానా అని కసరబోయాను. అయితే టిన్ను నీళ్లు పోసిన సంగతే ఆమెకు తెలుసు, బోరు నీళ్లకు ఆ మిషను పనికిరాదని ఆమెకు చెప్పింది నేను. ల్యాబు కాగితం ఆమె చదవలేదు. నా ఒక్క మాట పట్టుకుని వాడంతటి ముందు దొంగ అనిపించుకుంది, రేపటి నుంచి వాళ్ల మధ్యే బతకాలి.

"ఇయ్యలేదు సామ్రాజ్యం. ఎవరూ ఏమీ ఇయ్యలేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. తల ఊపి, పిల్లను తీసుకుని వెనక్కి నడిచింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.